ఇచ్చిన అప్పును చట్ట ప్రకారం రాబట్టుకోవడం ఎలా: నోటు రాసిన రోజు నుంచి వేలం దాకా

తిరుపతిలో మా నాన్నకు చిన్న బియ్యం కొట్టు ఉండేది. తెలిసిన మనిషే కదా అని ఒకాయనకు లక్షన్నర అప్పిచ్చాడు. ప్రోనోటు కూడా రాయించుకున్నాడు. ఆ మనిషి రెండేళ్లపాటు నెలనెలా వడ్డీ తెచ్చి చేతిలో పెట్టాడు. మూడో ఏడు మానేశాడు. "మామిడికాయలు దిగనీ అన్నా, మొత్తం సర్దేస్తా" అన్నాడు. కాయలు దిగాయి, సీజను అయిపోయింది. నాన్న నోటు పట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లేసరికి మూడేళ్లు నిండి పదకొండు రోజులైంది. ఆ డబ్బు మళ్లీ కళ్ల చూడలేదు.

తర్వాత నేను వకీలు గుమాస్తాగా చేరి ఇరవై ఏళ్లకు పైగా కోర్టుల చుట్టూ తిరిగాను. నేను చూసినంతలో, ఎగ్గొట్టేవాడి తెలివి వల్ల పోయిన డబ్బు కంటే ఇచ్చినవాడు తేదీలు చూసుకోక పోగొట్టుకున్న డబ్బే ఎక్కువ. అందుకే ఇందులో తేదీల గురించి పదేపదే చెబుతాను.

డబ్బు ఇచ్చే రోజే చేయాల్సింది

వసూలు పని బాకీదారు ఎగ్గొట్టిన రోజున మొదలవదు, డబ్బు చేతులు మారిన రోజునే మొదలవుతుంది. వీలైనంతవరకు మొత్తాన్ని బ్యాంకు ద్వారానే పంపండి. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. తీసుకున్నవాళ్ల మీద అంత మొత్తం పెనాల్టీ పడవచ్చు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది. పన్ను సంగతి పక్కన పెట్టినా, "నాకు డబ్బే ముట్టలేదు" అని రేపు ప్రతివాది అంటే, బ్యాంకు స్టేట్‌మెంట్ కంటే గట్టి సాక్షి ఇంకొకటి ఉండదు.

ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అతికించి, సంతకం ఆ స్టాంపు మీదుగా పడేలా చేయించాలి. రూపాయి స్టాంపు చాలు. కానీ అది రాసేటప్పుడే ఉండాలి. స్టాంపు లేని ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, తర్వాత జరిమానా కట్టి సరిచేసుకునే వీలు కూడా లేదు. మిగతా దస్తావేజులకు ఉన్న ఆ వెసులుబాటు ప్రోనోటుకు లేదు.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. మన దగ్గర నోటు మీద ఇద్దరు సాక్షులు, రాసినవారు సంతకాలు పెట్టడం ఆనవాయితీ. సాక్షుల సంతకాలు ఉండి, "మీకు గాని, మీ అనుమతి పొందిన వారికి గాని" అన్న మాట లేకపోతే, అది ప్రోనోటు కాదు, బాండు అని ఎదుటి వకీలు లేస్తాడు. బాండుకు స్టాంపు డ్యూటీ వేరు. ఆ ఒక్క వాక్యం వదిలేయడం వల్ల కేసు నెలల తరబడి ఆగిన సందర్భాలు చూశాను. అచ్చు నోటు కొన్నా అందులో ఆ మాట ఉందో లేదో చదివి చూసుకోండి.

నోటు మీద బాకీదారు పూర్తి పేరు, తండ్రి పేరు, ఉండే చోటు స్పష్టంగా రాయించండి. ఆధార్ నకలు, ఉద్యోగం చేసే చోటు, పొలం ఉన్న ఊరు కూడా విడిగా రాసిపెట్టుకోండి. రేపు సమన్లు పంపడానికీ, జప్తు అడగడానికీ అక్కరకొచ్చేది ఇదే. మొత్తం పెద్దదైతే హామీదారు సంతకం తీసుకోండి. ఒప్పందంలో వేరే మాట లేకపోతే హామీదారు బాధ్యత అసలు బాకీదారుతో సమానం. ఇంకా పెద్దదైతే ఇల్లో, స్థలమో తనఖా పెట్టించుకోవడమే సరైన దారి. తనఖా ఆస్తి మీద బాకీకి దావా వేసేందుకు గడువు 12 ఏళ్లు, మామూలు నోటుకు మూడేళ్లే.

మూడేళ్ల లెక్క

కోరినప్పుడు చెల్లించాల్సిన ప్రోనోటుకు గడువు నోటు తేదీ నుంచే నడుస్తుంది. మీరు అడిగిన రోజు నుంచి కాదు, వాళ్లు మానేసిన రోజు నుంచీ కాదు. 2023 మార్చి 10న రాసిన నోటుకు 2026 మార్చి 10 లోపు దావా పడాలి. ఆ రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజు వేయవచ్చు. అయినా అంత చివరి దాకా ఆగవద్దు.

నోటు లేని చేబదులుకూ ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లే. సరుకు అరువుకు ఇస్తే, గడువేమీ అనుకోనప్పుడు సరుకు అందిన రోజు నుంచి, ఇన్ని రోజుల అరువు అని అనుకుని ఉంటే ఆ రోజులు తీరినప్పటి నుంచి మూడేళ్లు. చిత్తూరు బెల్లం మండీలో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలేవాళ్లలో ఏళ్ల తరబడి నడిచే ఖాతాలు ఉంటాయి. "పాత బాకీలోంచి తీసుకో" అంటూ సాగే ఆ ఖాతాలో ఎప్పటి బిల్లు ఎప్పుడు కాలం చెల్లిందో ఇద్దరికీ తెలియకుండా పోతుంది. ఏడాదికోసారైనా బాకీ ఇంత అని రాసి, ఎదుటివారి సంతకం తీసుకోవాలి.

గడువును పెంచుకునే దారులు రెండున్నాయి. మొదటిది చెల్లు. వడ్డీ గాని, అసలులో కొంత గాని ముట్టినప్పుడు నోటు వెనక "ఫలానా తేదీన ఇంత చెల్లించాను" అని బాకీదారు చేతిరాతతో గాని, కనీసం వారి సంతకంతో గాని రాయించాలి. ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు. రెండోది బాకీ ఉన్నానని రాసి సంతకం చేసిన కాగితం, అంటే ఒప్పుకోలు. రెండూ పాత గడువు తీరకముందే జరగాలి. మా నాన్న రెండేళ్లు వడ్డీ తీసుకున్నాడు గానీ ఒక్క చెల్లూ రాయించలేదు. ఆఖరి నెల వడ్డీకి ఒక్క సంతకం తీసుకుని ఉంటే ఆ పదకొండు రోజులు అడ్డయ్యేవే కావు. మీ దగ్గర మీరే "ఇంత ముట్టింది" అని రాసుకున్న చెల్లు పనికిరాదు. ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి.

గడువు దాటిపోయిన బాకీకి కూడా బాకీదారు తానే ఒప్పుకుని, చెల్లిస్తానని కొత్తగా రాసి సంతకం చేస్తే అది చెల్లుతుంది. మంచి మాటలతో అడిగి కొత్త నోటు రాయించుకున్నవాళ్లు ఉన్నారు.

నోటీసు

వకీలు ద్వారా రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో నోటీసు పంపండి. అసలెంత, వడ్డీ ఏ రేటున ఎంత, ఏ తేదీ నోటు, ఎన్ని రోజుల్లో కట్టాలి అన్నవి ఉంటే చాలు. తిట్లు, బెదిరింపులు వద్దు. నోటీసుకు వచ్చే జవాబు మీకు చాలా అవసరం. "నోటు నాదే గానీ మొత్తం కట్టేశాను" అని రాస్తే సంతకం గొడవ అక్కడితో తీరిపోతుంది. "సంతకం నాది కాదు" అంటే, చేతిరాత నిపుణుడి దాకా వెళ్లాల్సి వస్తుందని ముందే తెలుస్తుంది.

ఈ దశలో చాలామంది పోలీస్ స్టేషన్ వైపు చూస్తారు. బాకీ వసూలు పోలీసుల పని కాదు. అప్పు తీసుకునేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపగలిగితే తప్ప చీటింగ్ కేసు నిలవదు. ఇక మనుషుల్ని వెంటేసుకుని ఇంటి మీదికి వెళ్లడం, బండి లాక్కురావడం లాంటివి చేస్తే కేసు మీ మీదే అవుతుంది. న్యాయం మీవైపు ఉండి కూడా నిందితుడిగా నిలబడాల్సి వస్తుంది. కోపంలో ఉన్నవాళ్లకు ఈ మాట ఎక్కదు, అయినా చెప్పకుండా ఉండలేను.

రాజీ అవకాశం కనిపిస్తే దావా వేయకముందే న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే వచ్చే అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, కోర్టు డిక్రీతో (దావాలో కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. దావా నడుస్తుండగా అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కానీ రాజీ మాటలు నడుస్తున్నంతసేపూ ఆ మూడేళ్ల గడియారం ఆగదు. గడువు దగ్గరపడితే ముందు దావా వేసి, తర్వాత మాట్లాడుకోండి.

చెక్కు ఉంటే

చెక్కు చేతిలో ఉంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ దారి తెరుచుకుంటుంది. ఇక్కడ లెక్క ఏళ్లలో కాదు, రోజుల్లో. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. తిరిగొచ్చినట్టు మీ బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో చెక్కు మొత్తం కట్టమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక వాళ్లకు 15 రోజుల గడువు. కట్టకపోతే ఆ గడువు తీరినప్పటి నుంచి ఒక నెలలో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి.

తేదీలతో చూద్దాం. చెక్కు తిరిగొచ్చిందన్న బ్యాంకు మెమో జనవరి 10న చేతికొచ్చింది. ఫిబ్రవరి 9 లోపు నోటీసు వెళ్లాలి. అది ఫిబ్రవరి 5నే వాళ్లకు అందిందనుకుంటే ఫిబ్రవరి 20 దాకా వాళ్ల గడువు. మార్చి 20 లోపు మీ ఫిర్యాదు ఫైలు కావాలి. ఆలస్యానికి సరైన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు గానీ, దాన్ని నమ్ముకోకండి. నోటీసు గడువు తప్పితే, చెక్కు తేదీ నుంచి మూడు నెలలు ఇంకా నిండకపోతే మళ్లీ బ్యాంకులో వేసి కొత్తగా మొదలుపెట్టవచ్చు.

మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఏ కోర్టు పరిధిలో ఉందో ఆ కోర్టులోనే కేసు. చిత్తూరు, తిరుపతి జిల్లాలవాళ్లకు ఇది పెద్ద ఊరట. బాకీదారు వేలూరులోనో, చెన్నైలోనో, బెంగళూరులోనో ఉన్నా మీ ఖాతా తిరుపతిలో ఉంటే కేసు తిరుపతిలోనే నడుస్తుంది.

శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. 2018లో వచ్చిన సవరణ వల్ల కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం అడగవచ్చు. సంతకం చేసి ఇచ్చిన చెక్కు బాకీ కోసమే ఇచ్చారని చట్టం అనుకుంటుంది, కాదని చూపాల్సిన భారం వాళ్లది. ఖాళీ చెక్కు మీద ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చినా ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది.

రెండు జాగ్రత్తలు. చెక్కు ఇచ్చాక కొంత డబ్బు ముట్టి ఉంటే ఆ సంగతి దాచి మొత్తానికి చెక్కు వేస్తే కేసు పోతుంది. చెక్కు మీదే ముట్టిన మొత్తం రాసి మిగిలిన దానికి వేయాలి, లేదా మిగిలిన మొత్తానికి కొత్త చెక్కు తీసుకోవాలి. రెండోది ఇంకా ముఖ్యం. చెక్కు కేసు నడుస్తోంది కదా అని సివిల్ దావా వదిలేస్తారు. చెక్కు కేసులో గడిచిన కాలం సివిల్ దావా గడువులోంచి తీసివేయరు. కేసు నాలుగేళ్లు నడిచి కొట్టేస్తే, అప్పటికి నోటూ చచ్చిపోయి ఉంటుంది. రెండూ ఏకకాలంలో నడపవచ్చు, నడపాలి.

దావా

బాకీదారు ఉండే చోట గాని, అప్పు లావాదేవీ జరిగిన చోట గాని దావా వేయవచ్చు. మొత్తాన్ని బట్టి జూనియర్ సివిల్ జడ్జి కోర్టా, సీనియర్ సివిల్ జడ్జి కోర్టా అన్నది ఉంటుంది, అది మీ వకీలు చూసుకుంటారు. ప్రోనోటు, చెక్కు లాంటి కాగితాల మీద సివిల్ ప్రొసీజర్ కోడ్ 37వ ఆర్డరు కింద సమ్మరీ దావా వేసే వీలుంది. అందులో ప్రతివాది 10 రోజుల్లో హాజరు కావాలి, వాదించుకోవడానికి కోర్టు అనుమతి అడగాలి. ఇది మీ కేసుకు సరిపోతుందా అని వకీలును తప్పకుండా అడగండి.

దావా వేసేటప్పుడే ఆలోచించాల్సింది 38వ ఆర్డరు 5వ రూలు, అంటే తీర్పుకు ముందే జప్తు. బాకీదారు ఉన్న ఒక్క ఇంటి స్థలాన్ని అమ్మేస్తున్నాడని, బావమరిది పేరిట రాసేస్తున్నాడని తెలిస్తే దీన్ని వాడాలి. ఊరికే అనుమానం ఉందంటే కోర్టు ఒప్పుకోదు. అమ్మకానికి బేరం పెట్టాడన్న ఆధారం, రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం), పొలమైతే ప్రభుత్వ భూ రికార్డుల సైటు మీభూమిలో దొరికే అడంగల్, 1బి నకళ్లు జత చేయాలి. ఈ కాగితాలు తీయడానికి పెద్ద ఖర్చు కాదు. ఈ పని దావా రోజునే చేసినవాళ్లకూ, డిక్రీ వచ్చాక ఆస్తి వెతకడం మొదలుపెట్టినవాళ్లకూ తేడా నేను కళ్లారా చూశాను.

అప్పు ఎగ్గొట్టడానికే ఆస్తి బదలాయిస్తే ఆస్తి బదిలీ చట్టంలోని 53వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయమని అడగవచ్చు. కానీ అది మరో దావా, మరిన్ని ఏళ్లు.

వడ్డీ విషయంలో ఆశలు తగ్గించుకోవాలి. నూటికి రెండు రూపాయలని నోటులో రాసినా, దావా వేశాక ఎంత అన్నది కోర్టు నిర్ణయిస్తుంది. వ్యాపార లావాదేవీ కాకపోతే డిక్రీ తర్వాత అసలు మీద ఏడాదికి 6 శాతం మించదు. బాకీదారు రైతు అయితే మరో సంగతి. చిత్తూరు ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోది కాబట్టి 1938 నాటి వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం ఇక్కడ వర్తిస్తుంది. దాని కింద వడ్డీ తగ్గించమని ప్రతివాది అడుగుతాడు.

బాకీదారు చనిపోతే వారసుల మీద దావా వేయవచ్చు, కానీ వాళ్లకు సంక్రమించిన ఆస్తి మేరకే. కొడుకు సొంత సంపాదన జోలికి వెళ్లలేరు.

డిక్రీ వచ్చాక

డిక్రీ వచ్చిన రోజు స్వీట్లు పంచినవాళ్లను చూశాను. అసలు పని అప్పుడే మొదలవుతుంది. అమలు పిటిషన్, అందరూ ఈపీ అంటారు, డిక్రీ నుంచి 12 ఏళ్లలోపు వేయాలి. అంతకాలం ఉంది కదా అని ఆగితే ఆస్తి మిగలదు. ఈపీలను ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. వాయిదాలు పడుతుంటే మీ వకీలు ఆ మాట కోర్టుకు గుర్తుచేయవచ్చు.

ఆస్తులేమిటో తెలియకపోతే 21వ ఆర్డరు 41వ రూలు కింద బాకీదారు చేత ఆస్తుల అఫిడవిట్ వేయించమని అడగండి. ఇవ్వకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు ఉంది.

జీతగాడైతే జీతం జప్తు అన్నిటికంటే తేలిక. తితిదే ఉద్యోగి అయినా, విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నా, జీతం ఇచ్చే అధికారికి కోర్టు నోటీసు వెళుతుంది, నెలనెలా కోత పడి కోర్టులో జమవుతుంది. మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులు తాకకూడదు. లెక్కలోకి వచ్చే జీతం 40,000 అనుకుంటే 39,000లో మూడో వంతు, అంటే 13,000 కోయవచ్చు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలే. ఈ లెక్కన జీతం దారిలో గరిష్ఠంగా 3,12,000. మీ డిక్రీ పది లక్షలకైతే జీతం ఒక్కటే నమ్ముకోకూడదని ఇక్కడే తెలిసిపోతుంది. బ్యాంకు ఖాతాలోని సొమ్మునూ, బాకీదారుకు ఇతరులు ఇవ్వాల్సిన డబ్బునూ కూడా జప్తు చేయించవచ్చు.

పీఎఫ్, ప్రభుత్వ పింఛను, జీవిత బీమా పాలసీ, వంట పాత్రలు, పరుపులు, తాళిబొట్టు, చేతిపనివారి పనిముట్లు, రైతు ఎడ్లు, విత్తనాలు, రైతు తానుండే ఇల్లు జప్తుకు రావు. ఇది సరైనదే అని నా నమ్మకం. బాకీ కోసం ఒక కుటుంబాన్ని బజారున పడేసే హక్కు ఎవరికీ ఉండకూడదు. రైతు భూమి మాత్రం జప్తుకు వస్తుంది.

స్థిరాస్తి అయితే కోర్టు అమీను వెళ్లి జప్తు ప్రకటిస్తాడు, ఊళ్లో దండోరా వేస్తారు. తర్వాత వేలం ప్రకటన, ఆ తర్వాత వేలం. పాడుకున్నవారు అక్కడికక్కడే 25 శాతం, మిగిలింది 15 రోజుల్లో కట్టాలి. డిక్రీదారుగా మీరే పాడాలంటే ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి. వేలం అయ్యాక కూడా బాకీదారు 60 రోజుల్లో బాకీతో పాటు కొన్నవారికి 5 శాతం అదనంగా జమ చేస్తే అమ్మకం రద్దవుతుంది. ఆస్తి వేలూరులోనో, కోలారులోనో ఉంటే డిక్రీని అక్కడి కోర్టుకు బదిలీ చేయించి అక్కడ ఈపీ నడపాలి.

అరెస్టు అడగవచ్చు గానీ, కట్టే స్తోమత ఉండి కావాలనే ఎగ్గొడుతున్నాడని చూపాలి. పేదరికం వల్ల కట్టలేకపోతే జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది. డబ్బు డిక్రీకి ఆడవాళ్లను అరెస్టు చేయరు. జైల్లో ఉన్నన్నాళ్లు బత్తా కట్టాల్సింది కూడా మీరే.

ఐపీ పెడితే

"ఐపీ పెట్టాడంట" అనే మాట వినగానే అప్పిచ్చినవాళ్లందరికీ టెన్షన్ మొదలవుతుంది. అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసే దివాలా పిటిషన్. పిటిషన్ వేసినంత మాత్రాన మీ బాకీ పోదు. నోటీసు రాగానే హాజరై, ఆస్తులు దాచాడని, దొంగ బాకీలు చూపాడని అభ్యంతరం వేయండి. దివాలాదారుగా ప్రకటించాకే కోర్టు అనుమతి లేకుండా కొత్త దావా వేయలేరు. అప్పుడు కూడా మీ బాకీని రుజువు చేసుకుంటే, కోర్టు నియమించిన రిసీవరు ఆస్తులు అమ్మి పంచేదాంట్లో మీ వాటా వస్తుంది. రెండేళ్ల లోపు సరైన ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన ఆస్తిని వెనక్కి రప్పించే వీలూ ఉంది. నోటీసును చూసి ఆశ వదులుకుని ఇంట్లో కూర్చోవడమే ఇందులో జరిగే పెద్ద నష్టం.

బ్యాంకులకు వేరే దారి

బ్యాంకులు కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే చట్టం 2002లో వచ్చింది, సర్ఫేసీ. ఖాతా మొండి బాకీ అయ్యాక 60 రోజుల నోటీసు, తర్వాత స్వాధీనం, ఆపైన వేలం. వ్యవసాయ భూమికి ఇది వర్తించదు. బ్యాంకు చర్య తప్పనుకుంటే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. ప్రైవేటు వ్యక్తులకు ఈ చట్టం పనికిరాదు. చిన్న పరిశ్రమ నడుపుతూ ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్నవారికి మాత్రం మరో మేలు ఉంది. కొనుగోలుదారు 45 రోజులు దాటి బకాయి పెడితే ఎంఎస్ఎంఈ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు, రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడగవచ్చు.

డబ్బు ముట్టాక

బాకీ మొత్తం తీరితే నోటు మీద పూర్తి చెల్లు రాసి వాళ్ల చేతికి ఇచ్చేయండి, మిగిలిన చెక్కులు కూడా తిరిగి ఇవ్వండి. డిక్రీ అయ్యాక కోర్టు బయట తీసుకున్న డబ్బును కోర్టులో నమోదు చేయించాలి. తనఖా ఉంటే రిజిస్ట్రారు ఆఫీసులో విడుదల రాసి, ఈసీలో అది ఎక్కిందో లేదో వాళ్లతో కలిసి చూసి రండి.